2012 నాటి పీహెచ్‌పీ అప్లికేషన్‌ను కొత్త సర్వర్‌కు మార్చాలి, తెలుగు డేటా పాడవకుండా ఎలా?

కడియం_కుర్రాడు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కడియం దగ్గర నర్సరీ. ఆర్డర్లు, బిల్లులు, లారీ లోడింగ్ లెక్కలు అన్నీ ఒకే వెబ్ అప్లికేషన్‌లో నడుస్తాయి. 2012లో మా బావ రాసిచ్చాడు. ఇప్పుడు టొరంటోలో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి అడిగితే "అదింకా నడుస్తోందా!" అని నవ్వాడు.

సర్వర్ మీద సెంట్‌ఓఎస్ 6 (ఆపరేటింగ్ సిస్టమ్), పీహెచ్‌పీ 5.3 (కోడ్ రాసిన భాష), మైఎస్‌క్యూఎల్ 5.1 (డేటాబేస్) ఉన్నాయి. ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేదు, ఉత్త పీహెచ్‌పీయే, 140 ఫైళ్లదాకా. టేబుళ్లు 38. మనుషుల పేర్లు, ఊళ్లు, మొక్కల పేర్లు అన్నీ తెలుగులోనే. మా గుమస్తా గారు ఇంగ్లీషులో టైప్ చెయ్యరు.

సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు 60 రోజుల్లో ఆ మెషీన్ తీసేస్తామని మెయిల్ పెట్టారు. వానలు మొదలైతే మాకు అన్నం తినే తీరిక ఉండదు, ఈలోపే మార్చేయాలి. కోడ్ మొత్తం లాప్‌టాప్‌లో పీహెచ్‌పీ 8.3 మీద పెట్టి చూశాను. తెల్ల పేజీ వచ్చింది, ఇంకేమీ లేదు. నేను చదివింది బీకాం. పీహెచ్‌పీ అంతా వీడియోలు చూసి నేర్చుకున్నదే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
సోమవారం, రాత్రి 10:05

తెల్ల పేజీ అంటే ఏమీ లేదని కాదు తమ్ముడూ, ఎర్రర్ తెర మీదికి రాకుండా ఆపి ఉంది. లాప్‌టాప్‌లోనే కదా, డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్ చేసి చూడు. మొదటి లైన్ నేను ఇక్కడి నుంచే చెప్తా: మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ అనే ఫంక్షనే లేదంటుంది.

కడియం_కుర్రాడు
సోమవారం, రాత్రి 10:21

అన్నా, అక్షరం పొల్లు పోకుండా అదే వచ్చింది.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
సోమవారం, రాత్రి 10:30

ఆ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్ల కుటుంబం మొత్తాన్నీ 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.0లో పీకేశారు. 5.5 నుంచే వాడొద్దని హెచ్చరిస్తూ వచ్చారు. మీ బావ రాసేనాటికి 5.5 రాలేదు, ఆయన తప్పేం లేదు. అసలు నువ్వు భయపడాల్సింది వేరే ఉంది. పీహెచ్‌పీ 5.3కి భద్రతా సవరణలు 2014 ఆగస్టులోనే ఆగిపోయాయి, సెంట్‌ఓఎస్ 6కి 2020 నవంబరు 30న. ఇన్నాళ్లూ ఎవడి కంటా పడకుండా నెట్టుకొచ్చావంతే.

లారవెల్_లక్ష్మి
మంగళవారం, ఉదయం 7:15

నా సలహా ఎవరికీ నచ్చకపోవచ్చు కానీ చెప్తాను. 140 ఫైళ్ల ఉత్త పీహెచ్‌పీని బాగుచెయ్యడం కన్నా లారవెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో మళ్లీ రాసుకోవడం నయం. లాగిన్, ఫారాలు, డేటాబేస్ పని అన్నీ రెడీగా ఉంటాయి. అతుకులు వేసుకుంటూ పోతే ఇంకో ఐదేళ్లకు మళ్లీ ఇక్కడే వచ్చి అడుగుతారు.

పాతకోడ్_పంతులు
మంగళవారం, ఉదయం 8:50

లక్ష్మిగారూ, మీరన్నది ఆర్నెల్లు టైముంటే నిజమే. ఈ అబ్బాయికి ఉన్నది అరవై రోజులు, పైగా మొక్కల వ్యాపారం చూసుకుంటూ.

మళ్లీ రాయడంలో అసలు చిక్కు కోడ్ కాదండీ. పన్నెండేళ్లుగా ఆ కోడ్‌లో దూర్చిన చిన్న చిన్న లెక్కలు ఎక్కడా కాగితం మీద ఉండవు. ఫలానా ఖాతాదారుకి లోడింగ్ కూలీ వెయ్యకూడదు, ఫలానా మొక్క వందకి నూటఐదు లెక్క, ఇలాంటివి. అవి ఏదో ఫైల్లో ఒక "ఇఫ్" లోపల దాక్కుని ఉంటాయి. కొత్తగా రాస్తే అవి లేవన్న సంగతి ఖాతాదారుడు తిట్టినప్పుడు తెలుస్తుంది. ముందు ఇల్లు మారనివ్వండి, సామాను తర్వాత సర్దుకోవచ్చు.

కడియం బాబూ, ఇవాళ చెయ్యాల్సింది ఒక్కటే. పాత సర్వర్ మొత్తానికి కాపీ తీసి, అది వేరే మెషీన్ మీద లేస్తుందో లేదో చూడండి. లేవని బ్యాకప్ బ్యాకప్ కాదు. ఆ తర్వాత డాకర్‌లో రెండు కంటైనర్లు (ఒకే మెషీన్‌లో విడివిడిగా నడిచే పెట్టెలు) పక్కపక్కన పెట్టుకోండి, ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది. ఎందుకో తర్వాత చెప్తాను.

లారవెల్_లక్ష్మి
మంగళవారం, ఉదయం 9:12

వందకి నూటఐదు! సరే, ఆ మాటకి ఒప్పుకుంటున్నా. కానీ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే ఫారంలో టైప్ చేసే మాటలతో డేటాబేస్‌కి దొంగ ఆదేశాలు పంపడం, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. 5.3లో మ్యాజిక్ కోట్స్ ఆన్‌లో ఉండి ఉంటే, ఫారంలోంచి వచ్చే ప్రతి కోట్ ముందూ అదే బ్యాక్‌స్లాష్ పెట్టేది. 5.4లో దాన్ని తీసేశారు. అంటే ఇదే కోడ్‌ను కొత్త వెర్షన్‌లో ఉన్నది ఉన్నట్టు నడిపితే ఆ కాస్త అడ్డూ పోతుంది. కొత్త ఇల్లే, కానీ తలుపుల్లేవు.

కడియం_కుర్రాడు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

చూశాను మేడం, మ్యాజిక్ కోట్స్ ఆన్‌లోనే ఉంది. నాకు గుండె దడ మొదలైంది.

డేటాబేస్‌ను అడిగే మైఎస్‌క్యూఎల్_క్వెరీ అని వెతికితే 212 చోట్ల ఉంది. ఒక్కొక్కటీ మార్చాలా?

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
మంగళవారం, సాయంత్రం 6:40

మార్చాలి, కానీ ఒక్కరోజులో కాదు. నర్సరీ వాడివి, అంటు కట్టడం నీకు నేను చెప్పాలా? ఒక చిన్న ఫైల్ రాసుకో. పాత పేర్లతోనే ఫంక్షన్లు, లోపల మాత్రం వాటి బదులు వచ్చిన మైఎస్‌క్యూఎల్ఐ. పాత పేర్లు కొత్త పీహెచ్‌పీలో ఖాళీగానే ఉన్నాయి కాబట్టి నువ్వు పెట్టుకోవచ్చు. వేరు కొత్తది, కొమ్మ పాతది. ముందు చెట్టు నిలబడనీ.

రెండు సంగతులు గుర్తుపెట్టుకో. పాతదాంట్లో క్వెరీ ముందు, కనెక్షన్ తర్వాత వచ్చేది. ఐ ఉన్నదాంట్లో అది తిరగబడింది. రెండోది, పీహెచ్‌పీ 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్ఐలో తప్పొస్తే ఎక్సెప్షన్ విసిరి అక్కడే ఆగిపోతుంది. మీ బావ ప్రతి క్వెరీ చివరా "ఆర్ డై" (తప్పొస్తే ఆపు) అని రాసి ఉంటాడు చూడు, అక్కడిదాకా రానే రాదు.

ఇది తాత్కాలికమే. ఫారంలోంచి వచ్చిన విలువలు వెళ్లే క్వెరీలు ముందు ఏరి పట్టుకుని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా (ఆదేశం వేరు, విలువ వేరుగా పంపేవి) మార్చు. లాగిన్ పేజీతో మొదలుపెట్టు. పాస్‌వర్డులు ఎండీ5 అనే పాత, బలహీనమైన ముద్రగానే ఉండి ఉంటాయి కదా? మనిషి లాగిన్ అయినప్పుడల్లా పాత ముద్ర సరిచూసి, పాస్‌వర్డ్_హ్యాష్‌తో కొత్తది రాసుకుంటూ పోతే నెలలో అందరివీ మారిపోతాయి.

పాతకోడ్_పంతులు
మంగళవారం, రాత్రి 8:00

212 అంటే భయపడకండి. మిగతా తప్పుల్ని ఏరడానికి పీహెచ్‌పీ కంపాటిబిలిటీ అనే పరికరం ఉంది, కోడ్‌ను నడపకుండానే చదివి ఏ లైన్ ఏ వెర్షన్‌లో పనికిరాదో చెబుతుంది. రెక్టర్ అనేది కొంత తనే మార్చి పెడుతుంది. ఎరెగ్, స్ప్లిట్ 7.0లో పోయాయి. ఈచ్, క్రియేట్_ఫంక్షన్, స్ట్రింగ్ అక్షరాలకు మీసాల బ్రాకెట్లు వాడే పద్ధతి 8.0లో పోయాయి. ఇవన్నీ మంచి తప్పులు, ఎందుకంటే అరుస్తాయి. అరవకుండా ఉండేవాటికే భయపడాలి.

డెల్టా_డీబీఏ
మంగళవారం, రాత్రి 11:20

అందరూ పీహెచ్‌పీ గురించే మాట్లాడుతున్నారు. మొదటి పోస్టులో తెలుగు డేటా అని ఉంది, మైఎస్‌క్యూఎల్ 5.1 అని ఉంది. నాకు అక్కడే అనుమానం కొట్టింది. ఒక ప్రశ్న: డేటాబేస్‌ను నేరుగా చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో కస్టమర్ల టేబుల్ తెరిస్తే పేర్లు తెలుగులో కనిపిస్తాయా?

కడియం_కుర్రాడు
బుధవారం, ఉదయం 6:10

కనిపించవండి! అప్లికేషన్‌లో చక్కగా కనిపిస్తాయి, అక్కడ మాత్రం పిచ్చి గీతలు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఎ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఎ, మళ్లీ డిగ్రీ... ఒకసారి నేనే అక్కడ "కనకాంబరం" అని టైప్ చేసి సేవ్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. అప్పట్నుంచి బావ "దాని జోలికి పోకు" అన్నాడు. పోలేదు.

డెల్టా_డీబీఏ
బుధవారం, ఉదయం 9:45

అనుకున్నదే. ఇది కొంచెం విడమరిచి చెప్తాను, ఎందుకంటే ఈ రోగం తెలుగు సైట్లలో చాలాచోట్ల ఉంది.

అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే. రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ఆ బైట్లను లాటిన్1 (ఇంగ్లీషు, పశ్చిమ ఐరోపా అక్షరాలకే పనికొచ్చే, బైటుకో అక్షరం పద్ధతి) అనుకుని చదివితే మొదటిది గీత పెట్టిన ఎ, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. మీరు చూసింది అదే.

మైఎస్‌క్యూఎల్ 5.1లో ఏమీ చెప్పకపోతే టేబుల్ లాటిన్1. మీ బావగారు పేజీని యూటీఎఫ్-8 అన్నారు, డేటాబేస్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు. పేజీ తెలుగు బైట్లు పంపింది. కనెక్షన్ వాటిని లాటిన్1 అనుకుని తీసుకుంది, టేబుల్ లాటిన్1గానే దాచుకుంది, అడిగినప్పుడు మార్చకుండా తిరిగిచ్చింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తెర మీద తెలుగు కనబడింది. పన్నెండేళ్లు ఎవరికీ తెలియలేదు. పీహెచ్‌పీమైఅడ్మిన్ మాత్రం యూటీఎఫ్-8 అని నిజం చెప్పి కనెక్ట్ అవుతుంది, అందుకే దానికి చెత్త కనబడింది. మీరు టైప్ చేసిన కనకాంబరం లాటిన్1లో లేని అక్షరాలు కాబట్టి ప్రశ్నార్థకాలైపోయింది. ఆ ఒక్క వరుస ఇక తిరిగి రాదు.

ఇప్పుడు మామూలుగా డంప్ (డేటాబేస్ మొత్తం ఒక ఫైల్లోకి కాపీ) తీశారనుకోండి, చెత్తనే నిజమనుకుని యూటీఎఫ్-8లోకి ఇంకోసారి మార్చి రాస్తుంది. కొత్త సర్వర్‌లో ఆ గీతల ఎలే అసలు డేటా అయిపోతాయి. అది జరగకూడదు. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి తీయండి. బైట్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఆ ఫైల్‌ను మామూలు ఎడిటర్‌లో తెరవండి. తెలుగు తెలుగులాగే కనబడితేనే ముందుకు వెళ్లండి. తర్వాత ఆ ఫైల్లో సెట్ నేమ్స్ అన్న లైన్లోనూ, ప్రతి టేబుల్ చివరా ఉన్న లాటిన్1ను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చండి. ఉత్త యూటీఎఫ్8 అని రాయకండి, మైఎస్‌క్యూఎల్‌లో అది మూడు బైట్లదాకానే. తెలుగుకి సరిపోతుంది, కానీ ఖాతాదారుడు వాట్సాప్‌లోంచి కాపీ చేసిన చిరునామాలో ఒక్క ఎమోజీ ఉంటే ఆగిపోతుంది.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
బుధవారం, ఉదయం 10:02

పదేళ్లుగా ఈ పనే చేస్తున్నా, ఆ డిగ్రీ గుర్తు ఎందుకు వస్తదో ఇవాళ తెలిసింది. దండం అక్కా.

కడియం_కుర్రాడు
గురువారం, రాత్రి 11:50

డీబీఏ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఫైల్ తెరవగానే మొదటి పేజీలోనే "నూరువరహాలు, ఎర్రది, 8 అంగుళాల కవరు" అని తెలుగులో కనబడింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, లేకపోతే కేక పెట్టేవాణ్ణి. మైఎస్‌క్యూఎల్ 8.4లోకి ఎక్కించాను. ఒక్క ఎర్రర్ రాలేదు.

డెల్టా_డీబీఏ
శుక్రవారం, ఉదయం 8:30

ఎర్రర్ రాకపోవడమే అనుమానించాలి. డంప్ ఫైల్ తన పైన తనే ఎస్‌క్యూఎల్ మోడ్ మార్చుకుంటుంది, దాంతో తప్పు డేటాను తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ పక్కకుపోతుంది. అందుకే సున్నా తేదీలూ విరిగిన అక్షరాలూ ఏవి వచ్చినా నోరెత్తకుండా మింగింది.

పాత డేటాబేస్‌లో ఒక పరీక్ష చేయండి. వార్‌క్యార్ 50 (50 అక్షరాలదాకా పట్టేది) ఉన్న కాలమ్ తీసుకుని, బైట్ల పొడవు సరిగ్గా 50 ఉన్న వరుసలు ఎన్నో లెక్కపెట్టండి. లాటిన్1లో 50 అంటే 50 బైట్లు. తెలుగులో పదహారు గుర్తులు, పైన రెండు బైట్లు. నిండిపోయిన గ్లాసు ఎక్కడుంటే అక్కడ కింద కూడా ఒలికే ఉంటుంది.

కడియం_కుర్రాడు
శుక్రవారం, సాయంత్రం 5:15

అయ్యబాబోయ్.

జిల్లా కాలమ్‌లో 4,100 పైచిలుకు వరుసలు సరిగ్గా 50. అన్నీ ఉభయగోదావరి జిల్లాలవే! "తూర్పుగోదావరి జిల" అని ఆగిపోయాయి, పక్కన ఒక చిన్న నల్ల డబ్బా. కూర్చుని లెక్కపెట్టాను. తూర్పుగోదావరి 39 బైట్లు, ఖాళీ ఒకటి, జిల్లా 18, మొత్తం 58. యాభైలో "జిల" దాకా పట్టి, పొల్లు గుర్తులో మొదటి బైటు ఒక్కటే దూరింది. పశ్చిమగోదావరికీ అంతే. విశాఖపట్నం జిల్లా 49 బైట్లు, ఒక్క బైటు తేడాతో బతికిపోయింది.

ఇందులో అసలు సిగ్గుపడాల్సింది ఏమిటంటే, ఈ "జిల" రసీదుల మీద ఏళ్ల తరబడి పడుతూనే ఉంది. మేము ప్రింటర్ తప్పనుకున్నాం. రెండు ప్రింటర్లు మార్చాం.

బెజవాడ_సర్వర్
శుక్రవారం, సాయంత్రం 5:40

రెండు ప్రింటర్లు!! 😂 ఊరికే చదువుతూ పోదామనుకున్నా, ఇక ఆగలేక లాగిన్ అయ్యాను.

నవ్వినందుకు నా కథ కూడా చెప్తా. ఒకరి దగ్గర మొబైల్ నంబరు కాలమ్ ఇంటీజర్‌గా పెట్టారు. ఇంటీజర్‌లో పట్టే పెద్ద సంఖ్య 2147483647. తొమ్మిదితో మొదలయ్యే పది అంకెల నంబర్లన్నీ దానికన్నా పెద్దవి. స్ట్రిక్ట్ మోడ్ లేదు కాబట్టి అందరికీ అదే నంబరు రాసి పెట్టింది. వేలమంది ఖాతాదారులకు ఒకే ఫోను. మేము అప్‌గ్రేడ్ చేసేదాకా ఎవరూ చూడలేదు, ఎందుకంటే అందరి నంబర్లూ సేల్స్ వాళ్ల సొంత ఫోన్లలో ఉండేవి.

డెల్టా_డీబీఏ
శుక్రవారం, రాత్రి 9:00

జిల్లా పేర్లు కాబట్టి మీకు అదృష్టం, రెండు అప్‌డేట్ క్వెరీలతో సరిపోతుంది. ఊరు, చిరునామా కాలమ్‌లలో తెగినవి మాత్రం డేటాబేస్‌లోంచి తిరిగి రావు. ఆ బైట్లు ఎప్పుడూ దాచలేదు. పాత ఆర్డరు పుస్తకాలు ఉంటే వాటిలోంచి ఎక్కించుకోవడమే.

కొత్త టేబుళ్లలో 50 అంటే 50 గుర్తులు, బైట్లు కావు. 2022లో జిల్లాలు మార్చాక వచ్చిన "డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా" కూడా చుక్కలు, ఖాళీలతో కలిపి 39 గుర్తులే, పడుతుంది.

ఇంకొన్ని, తొందరగా చెప్పేస్తాను. డెలివరీ తేదీ ఖాళీగా వదిలిన చోట సున్నాల తేదీ ఉంటుంది, తర్వాత ఎప్పుడైనా ఆ టేబుల్ మార్చబోతే అక్కడే ఆగుతుంది. ఇప్పుడే నల్ చేసేయండి. మై‌ఐసామ్ (పాత నిల్వ పద్ధతి) టేబుళ్లను ఇన్నోడీబీకి మార్చండి. గ్రూప్స్, ర్యాంక్ అనే పేర్లు 8.0 నుంచి రిజర్వుడ్ పదాలు (డేటాబేస్ తనకే ఉంచుకున్నవి), ఆ పేర్లతో టేబుల్ ఉంటే మీ క్వెరీలు విరుగుతాయి. గ్రూప్ బై పెడితే వరుసక్రమం కూడా ఉచితంగా వచ్చేది పాతరోజుల్లో. 8.0లో అది లేదు, ఆర్డర్ బై విడిగా రాయాలి.

మొక్కల పేర్ల మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే పేరు రెండుసార్లు రానివ్వనిది) ఉందా? 8లో మామూలుగా వచ్చే కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరసపెట్టే నియమం) పేరులో ఏఐ అని ఉంటుంది. అది మీరనుకునే ఏఐ కాదు, అక్షరాల పక్క గుర్తుల తేడాలు పట్టించుకోనని అర్థం. సున్నా ఉన్న మాటనూ లేని మాటనూ అది ఒకటే అంటుందేమో మీ పేర్లతోనే పోల్చి చూసుకోండి. నేనైతే అలాంటి కాలమ్‌లకు బిన్ (అక్షరాల కోడ్ సంఖ్యలనే పోల్చే కొలేషన్) పెడతాను. ళ వెళ్లి ల పక్కన కూర్చుంటుంది, వ కన్నా ముందు. మన వర్ణమాల క్రమం కాదు, కానీ రెండు మాటల్ని ఒకటి చెయ్యదు.

కడియం_కుర్రాడు
శనివారం, రాత్రి 10:10

గ్రూప్స్ అనే టేబుల్ ఉందండి, పూలమొక్కలు, పండ్లమొక్కలు, నీడమొక్కలు అని. 17 ఫైళ్లలో మార్చాను.

ఇప్పుడు సైట్ లేచింది! లాగిన్, ఆర్డర్, బిల్లు అన్నీ వస్తున్నాయి. వచ్చే ఆదివారం మార్చేద్దామా?

పాతకోడ్_పంతులు
ఆదివారం, ఉదయం 7:00

ఆగండి. పేజీ వచ్చినంత మాత్రాన లెక్క సరిగ్గా వచ్చినట్టు కాదు. రెండు కంటైనర్లు పక్కపక్కన పెట్టమన్నది ఇందుకే. పాత బిల్లులు ఓ రెండొందలు తీసుకోండి. గుండుగుత్తగా కాదు, రకరకాలవి: పెద్దవి, చిన్నవి, వాపసు వచ్చినవి, అప్పు పెట్టినవి. రెండింట్లోనూ మళ్లీ తయారు చేయించి మొత్తాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఎందుకో తెలిసేదాకా మార్చొద్దు.

కడియం_కుర్రాడు
సోమవారం, రాత్రి 11:30

పంతులు గారూ, మీ కాళ్లకి దండం. 200లో 63 బిల్లులు తక్కువొచ్చాయి. మహారాష్ట్ర వెళ్లిన ఒక లారీకి 18,400 రావాల్సింది 16,900 వచ్చింది. ఇంకోదానికీ తేడా సరిగ్గా 1,500. లోడింగ్ కూలీ! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, పేజీ నున్నగా ఉంది. నాలుగు గంటలు వెతికాను, కోడ్‌లో 1,500 అని స్పష్టంగా రాసే ఉంది. అయినా సున్నా వస్తోంది.

పాతకోడ్_పంతులు
మంగళవారం, ఉదయం 6:30

లోడింగ్ అనే క్లాస్ లోపల లోడింగ్ అనే పేరుతోనే ఫంక్షన్ ఉందా?

కడియం_కుర్రాడు
మంగళవారం, ఉదయం 6:41

ఉంది!! మీకెలా తెలిసింది?

పాతకోడ్_పంతులు
మంగళవారం, ఉదయం 7:05

పీహెచ్‌పీ 4 కాలంలో కన్‌స్ట్రక్టర్ (క్లాస్ వాడగానే తనంతట నడిచే ఫంక్షన్) అలాగే రాసేవాళ్లం, క్లాస్ పేరే ఫంక్షన్ పేరు. నేనూ వందలు రాశాను. 7లో వద్దని హెచ్చరించారు, 8.0లో అది మామూలు ఫంక్షన్ అయిపోయింది. ఎవరూ పిలవరు, అది నడవదు, 1,500 అనే విలువ పెట్టేవాళ్లు ఉండరు. మీరు 5.3 నుంచి ఒక్కసారిగా 8.3కి దూకారు కాబట్టి ఆ మధ్యలోని హెచ్చరిక మీకు వినబడలేదు. అందుకే లాప్‌టాప్‌లోనైనా ఒకసారి 7.4 మీద ఆగి, లాగ్ మొత్తం చదివి, తర్వాత పైకి ఎక్కాలంటాను. డబుల్ అండర్‌స్కోర్ కన్‌స్ట్రక్ట్ అని పేరు మార్చండి చాలు. మిగతా క్లాసులు కూడా చూడండి.

ఇంకొకటి. సున్నాతో పోల్చే చోట్లన్నీ వెతకండి. పాత పీహెచ్‌పీలో అంకె కాని ఏ మాటనైనా సున్నాతో రెండు ఈక్వల్స్ పెట్టి పోలిస్తే సమానమనేది. 8లో కాదంటుంది.

కడియం_కుర్రాడు
బుధవారం, రాత్రి 9:20

దొరికింది. ఆర్డర్ల పేజీలో "దిద్దు" బటన్ ఎవరికీ కనబడటం లేదు. స్టేటస్‌లో పెండింగ్, పంపాం అని మాటలున్నాయి, కోడ్‌లో స్టేటస్ సున్నా అయితే బటన్ చూపించమని ఉంది. అంటే ఇన్నాళ్లూ పంపేసిన ఆర్డర్లు కూడా ఎవరైనా దిద్దగలిగేవాళ్లన్నమాట. నాన్నకి చెప్తే ఒక్క క్షణం ఆలోచించి, "అందుకేనా గుమస్తా నెలాఖరుకి లెక్క ఎప్పుడూ సరిపెట్టేవాడు" అన్నారు.

బెజవాడ_సర్వర్
బుధవారం, రాత్రి 9:33

గుమస్తా గారికి అప్‌గ్రేడ్ కష్టాలు ఇప్పుడు మొదలు.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్
గురువారం, ఉదయం 1:15

మార్చే రోజు సంగతి. డీఎన్‌ఎస్‌లో (సైట్ పేరును సర్వర్‌కు కలిపేది) టీటీఎల్‌ను, అంటే పాత చిరునామాను గుర్తుంచుకునే సమయాన్ని, రెండ్రోజుల ముందే తగ్గించి పెట్టుకో. పాత సైట్‌ను చదవడానికి మాత్రమే వదిలి, కొత్త ఎంట్రీలు ఆపు. చివరి డంప్ మళ్లీ అదే పద్ధతిలో, లాటిన్1 అని చెప్పే తియ్యి. హడావిడిలో అది మర్చిపోయేవాళ్లను చూశా. మొత్తం వరుసల లెక్క టేబుల్ టేబుల్‌కీ సరిచూసుకో. పాత మెషీన్ గడువు అయ్యేదాకా ఆపకు. పీహెచ్‌పీ 8.3కి భద్రతా సవరణలు 2027 డిసెంబరు దాకా వస్తాయి, ఆ తేదీ గోడమీద క్యాలెండర్‌లో రాసుకో.

లారవెల్_లక్ష్మి
గురువారం, ఉదయం 8:00

గిట్‌లో (మార్పుల చరిత్ర దాచేది) పెట్టారా కోడ్? పెట్టకపోతే ఇవాళే పెట్టండి. 2012 నాటి కోడ్ మొదటి కమిట్‌గా, మార్పులన్నీ దానిమీద. తీరిక దొరికాక బిల్లు భాగం ఒక్కటీ విడదీసి మళ్లీ రాద్దాం, నేను సాయం చేస్తాను. వందకి నూటఐదు లెక్కతో సహా.

కడియం_కుర్రాడు
పదకొండు రోజుల తర్వాత, సోమవారం, సాయంత్రం 6:30

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మొదటి వాన పడింది, ఫోన్లు ఆగడం లేదు.

ఆదివారం తెల్లవారుజామున 4కి మొదలుపెట్టి 7:20కి అయింది. 200 బిల్లులూ రూపాయితో సహా కలిశాయి. తెగిన చిరునామాలు 312 ఉన్నాయి. మా చెల్లి పాత ఆర్డరు పుస్తకాలు ముందేసుకుని రోజుకు ఇరవై చొప్పున ఎక్కిస్తోంది, చెదలు పట్టిన పుస్తకంలోవి ఓ నలభై పోయినట్టే. అంటు ఫైల్ ఇంకా ఉంది, 212లో 71 క్వెరీలు ప్రిపేర్డ్‌కి మారాయి. లాగిన్, ఆర్డర్, చెల్లింపు పేజీలు పూర్తయ్యాయి.

ఒక్క ఫిర్యాదు వచ్చింది. మా రసీదులు ముందే అచ్చేసిన కాగితం మీద పడతాయి. జిల్లా గడి "జిల" దాకానే సరిపోయేలా ఎవరో ఎప్పుడో కొలత పెట్టారు. ఇప్పుడు పూర్తిగా "జిల్లా" అని పడేసరికి రెండో లైన్లోకి దిగి మొత్తం సొమ్ము అంకె మీదకి వచ్చేస్తోంది. గుమస్తా గారు పొద్దున్నే రసీదు పట్టుకొచ్చి, "పాతదే బాగుండేది బాబూ, కొత్తగా ఏదో పాడుచేశావు" అన్నారు. ఇంకా మూడు వేల కాగితాలు మిగిలి ఉన్నాయి. పేజీ రూపం సరిచేసే ప్రింటింగ్ సీఎస్‌ఎస్ తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?